25 పడకల ఆసుపత్రుల కోసమే ట్రావెల్ పీటీగా కొనసాగుతున్నాను

ట్రావెల్ పీటీ, అంటే అమెరికాలో కొన్ని వారాల కాంట్రాక్టుల మీద ఊరూరా తిరిగి పనిచేసే ఫిజికల్ థెరపిస్ట్, అనగానే మనవాళ్ళు అడిగేవి రెండే: వారానికి ఎంతొస్తుంది, కాలిఫోర్నియాలో దొరుకుతుందా అని. ఆ రెండింటికీ ఏ రిక్రూటరైనా ఐదు నిమిషాల్లో జవాబు చెప్తాడు. 13 వారాల కాంట్రాక్టు సంగతి, విదేశీ డిగ్రీలు పరిశీలించే ఎఫ్‌సీసీపీటీ దగ్గర మన బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) క్రెడిట్ల లెక్క, లైసెన్సు పరీక్ష ఎన్‌పీటీఈకి ఏం చదవాలి అనేవి మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నలిగేవే కాబట్టి వాటి జోలికి పోను. కొన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మధ్యలో రెండు మూడు సార్లు మానేద్దామనుకున్నా మానలేకపోయానంటే దానికి కారణం ఒక రకం ఆసుపత్రి. క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్ అంటారు. మనవాళ్ళెవరూ దాని గురించి రాయగా నేను చూడలేదు.

పల్లెల్లో ఆసుపత్రులు మూతపడుతుంటే అమెరికా ప్రభుత్వం 1997 చట్టంతో తెచ్చిన ఏర్పాటు ఇది. ఇన్‌పేషెంట్ పడకలు 25కి మించకూడదు. మామూలుగా ఇంకో ఆసుపత్రికి 35 మైళ్ళకు పైగా దూరంలో ఉండాలి. ఎమర్జెన్సీ రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలి. మోంటానా ఒక్క రాష్ట్రంలోనే ఇలాంటివి దాదాపు 50 ఉన్నాయి. రిక్రూటర్ పంపే లిస్టులో ఇవి అడుగున ఉంటాయి. ఊరి పేరు ఎవరూ విని ఉండరు, విమానాశ్రయం దగ్గర్లో ఉండదు, చలి చంపేస్తుంది. నా మొదటి కాంట్రాక్టుల్లో నేనూ వాటిని చూసి పక్కకు నెట్టినదాన్నే.

ఆ మొదటి కాంట్రాక్టులన్నీ స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీలు, అంటే ఆసుపత్రి నుంచి వచ్చాక కోలుకోవడానికి ఉండే చోట్లు. ఎక్కువ ఖాళీలు ఉండేది అక్కడే, త్వరగా తీసుకునేదీ వాళ్ళే. అక్కడ పనిచేసినవాళ్ళకు ప్రొడక్టివిటీ అన్న మాట వింటేనే కడుపులో తిప్పుతుంది. 90 శాతం అంటే ఎనిమిది గంటల డ్యూటీలో 7 గంటల 12 నిమిషాలు బిల్లు అయ్యే పనే చెయ్యాలి. మిగిలిన 48 నిమిషాల్లో నోట్సు రాయాలి, నర్సుతో మాట్లాడాలి, బాత్రూమ్‌లో ఉన్న పేషెంటు కోసం తలుపు బయట నిలబడాలి. 2019 అక్టోబర్‌లో పీడీపీఎం అనే కొత్త చెల్లింపు పద్ధతి వచ్చాక అక్కడ లెక్క పూర్తిగా మారింది. అంతకుముందు థెరపీ నిమిషాలను బట్టి మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ బీమా) డబ్బిచ్చేది. ఆ తర్వాత పేషెంటు జబ్బు రకాన్ని బట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. థెరపీ రాబడి కాస్తా ఖర్చుగా మారింది. ఒకరితో చేయించాల్సింది నలుగురిని కూర్చోబెట్టి గ్రూపుగా చేయించమన్నారు. ఎంతోమంది థెరపిస్టుల ఉద్యోగాలు పోయాయి, ఉన్నవాళ్ళ గంటలు తగ్గాయి.

క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రుల్లో స్వింగ్ బెడ్ అని ఉంటుంది. పేషెంటు అదే పడక మీద ఉంటాడు, కాగితాల్లో మాత్రం అక్యూట్ (తక్షణ వైద్యం) నుంచి రీహాబ్‌కి (కోలుకునే థెరపీకి) మారతాడు. దీనికి పీడీపీఎం వర్తించదు. అయిన ఖర్చు మీద 101 శాతం లెక్కన మెడికేర్ చెల్లిస్తుంది. నేను చెప్పబోయే ఆనందమంతా ఈ ఒక్క నిబంధనలోంచి పుట్టింది. నిమిషాలు లెక్కపెట్టే మనిషి మన నెత్తిన ఉండడు.

మోంటానాలో ఉత్తరాన కెనడా సరిహద్దుకు దగ్గరగా యూఎస్ 2 రోడ్డు వెంట, రైలు పట్టాల వెంట ఊళ్ళు వరసగా ఉంటాయి. ఆ ప్రాంతాన్ని హై-లైన్ అంటారు. చికాగో నుంచి సియాటిల్ వెళ్ళే ఎంపైర్ బిల్డర్ రైలు అటుగానే పోతుంది. గోధుమ పొలాలు, ఆవులు, గాలి. అక్కడొక ఊళ్ళో చలికాలం కాంట్రాక్టు తీసుకున్నాను. వెళ్ళిన రోజే గమనించిన వింత ఏమిటంటే ప్రతి కారు ముందునుంచీ ఒక ప్లగ్గు వేలాడుతుంటుంది. రాత్రి ఇంజిన్ గడ్డకట్టకుండా గోడకున్న కరెంటు సాకెట్‌కి పెట్టాలి. నా కారు టెక్సస్‌ది, దానికి అది లేదు. ఆసుపత్రి మెయింటెనెన్స్ ఆయన పరిచయమైన రెండో రోజే తన గ్యారేజీలో చోటిచ్చాడు.

ఇక అసలు సంగతి. కొట్టం దగ్గర మంచు మీద జారి కుడి తుంటి విరగ్గొట్టుకున్న ఒక పెద్దాయన. పెద్ద ఊరి ఆసుపత్రిలో హెమీ (తుంటి బంతి మార్చే ఆపరేషన్) చేసి, మా దగ్గరకు స్వింగ్ బెడ్‌కి పంపారు. వెనకనుంచి చేసిన ఆపరేషన్ కాబట్టి మూడు జాగ్రత్తలు: తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మధ్యగీత దాటి అటుపక్కకు పోకూడదు, పాదం లోపలికి తిరగకూడదు. ఈ మూడూ కాగితం మీద రాసి గోడకు అంటించడం ఎవరైనా చేస్తారు. ఆయన అడిగింది మాత్రం వేరు. "ఆవులు ఈనే కాలం వచ్చేస్తోంది, నేను పికప్ ఎక్కగలనా?" అన్నాడు. డ్రైవింగ్ కొడుకు చేస్తాడట, పక్క సీట్లో కూర్చుని మందను చూసుకుంటే చాలట.

పికప్ సీటు ఎత్తు తుంటికి మంచిదే, కింద కూలబడాల్సిన పని ఉండదు. చిక్కల్లా అంత ఎత్తుకు చేరడంలో ఉంది. జిమ్‌లో ఉన్న మెట్టు ఆరంగుళాలు. ఆయన బండి పాదం పెట్టే పలక దానికి రెట్టింపు పైనే. కొడుకుని బండి తెమ్మన్నాను. టేపు పెట్టి కొలిచాం. మర్నాడు ఆ అబ్బాయి కొట్టంలోని చెక్కతో వెడల్పాటి పీట కొట్టుకొచ్చాడు, పైన జారకుండా రబ్బరు చాప మేకులతో దిగ్గొట్టి మరీ. అంబులెన్సు నిలిపే షెడ్డులో పికప్ పెట్టించి అక్కడ సాధన మొదలుపెట్టాం. పెద్దాయనకు కోటు తొడిగి, బూట్లు వేసి, కోటు మీంచి గెయిట్ బెల్ట్ (మేం పట్టుకోవడానికి నడుముకు కట్టేది) బిగించడానికే పావుగంట. మంచి కాలు ముందు పీట మీదకు, తర్వాత ఆపరేషన్ కాలు. పిడి పట్టుకుని చిన్న చిన్న అడుగులతో వెనక్కి తిరగడం. సీటు అంచు తొడలకు తగిలాక వెనక్కి ఒరిగి కూర్చోవడం. ఒరిగే ఉండి కాళ్ళు లోపలికి తెచ్చుకోవడం, ముందుకు వంగితే 90 దాటిపోతుంది కనుక.

మొదటి రోజు పీట దాకా వచ్చి ఆగిపోయాడు. చేతులు వణికాయి. నేనేమీ తొందరపెట్టలేదు, పెట్టాల్సిన అవసరం అక్కడ లేదు. పీట మీద నిలబడి దిగడమే ఆ రోజుకు పాఠం. ఆ వారం చివరికి కూర్చున్నాడు. కూర్చుని, తలుపు వేసి, అద్దం దించి, కొడుకుతో ఏదో ఒక ఆవు నంబరు చెప్పి దాన్ని వేరే కట్టెయ్యమన్నాడు. ఆ రోజు నోట్‌లో కారు ట్రాన్స్‌ఫర్ అని రెండు లైన్లు రాశాను కానీ, బీపీటీ చదువుకునేటప్పుడు ఈ వృత్తి ఇలా ఉంటుందని నేను ఊహించుకున్నది అచ్చం అదే.

అంతటితో ఆయన నా చేతుల్లోంచి పోలేదు. డిశ్చార్జ్ అయ్యాక అవుట్‌పేషెంట్‌గా నా దగ్గరికే వచ్చాడు, ఎందుకంటే అవుట్‌పేషెంట్ చూసేదీ నేనే. వాకర్ నుంచి చేతికర్రకు, కర్ర నుంచి ఉత్త చేతులకు మారడం కళ్ళారా చూశాను. పెద్ద ఊళ్ళలో అయితే అక్యూట్‌లో ఒక పీటీ, నర్సింగ్ ఫెసిలిటీలో ఇంకొకరు, ఇంటికొచ్చేది మరొకరు, క్లినిక్‌లో నాలుగో మనిషి. ప్రతివాళ్ళూ మళ్ళీ మొదట్నుంచీ ఇవాల్యుయేషన్ చేస్తారు, ఎవరికీ కథ మొత్తం తెలియదు. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. మన దగ్గర పేషెంటుతో పాటు ఇంటిల్లిపాదీ ఓపీకి వస్తారు చూడండి, వ్యాయామం పేషెంటు కంటే ముందు కూతురికో కోడలికో వచ్చేస్తుంది. అమెరికాలో నేను అది చూసింది ఈ పల్లె ఆసుపత్రుల్లోనే. భార్య, కొడుకు, పక్క పొలం ఆయన, అందరూ నేర్చుకుంటామని నిలబడ్డారు.

కాంట్రాక్టు పొడిగించుకున్నాను. అదే రకం ఆసుపత్రులు మరికొన్ని చేశాను. అన్నీ అలా లేవు, అది కూడా చెప్పాలి. మోంటానాలో రీహాబ్ డైరెక్టర్ ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్న పీటీ. ఆవిడ వెనక నిలబడబట్టి ఆ పికప్ సాధన సాగింది. ఇంకో రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో పర్మనెంట్ పీటీ ఎవరూ లేరు. నేనొక్కదాన్నే. అసిస్టెంటు లేరు, శని ఆదివారాలు పిలిస్తే వెళ్ళాల్సిన కాల్ డ్యూటీ, పుండ్లకు కట్లు కట్టేది కూడా థెరపీ వాళ్ళే. కొన్ని వారాలు పడకలన్నీ నిండి ఊపిరాడలేదు. తర్వాత ఉన్నట్టుండి సెన్సస్ (చేరిన పేషెంట్ల సంఖ్య) పడిపోయింది, "ఇవాళ ఇంటికి వెళ్ళిపోండి" అన్నారు. వారానికి 40 గంటల గ్యారంటీ కాంట్రాక్టులో ఉంది. కానీ పేషెంట్లు తగ్గితే కొన్ని షిఫ్టులు ఆసుపత్రి రద్దు చేసుకోవచ్చని కింద ఇంకో వాక్యం, ఇంటికీ తిండికీ ఇచ్చే స్టైపెండ్ కూడా ఆ గంటల మేరకు తగ్గుతుందని మరో వాక్యం. ఇంటి అద్దె మాత్రం తగ్గదు కదా. ఏజెన్సీతో వాదించి కొంత రాబట్టుకున్నాను, కొంత వదులుకున్నాను. ఇంత చిన్న చోట ఒక్కోసారి ఇద్దరు డిశ్చార్జ్ అయినా పని సగమైపోతుంది. ఆ చిన్నతనంలోని సుఖమూ కష్టమూ రెండూ ఒకే చోటినుంచి వస్తాయి.

డబ్బు గురించి ఒక్క ముక్క. చేతికొచ్చేదాంట్లో పెద్ద భాగం పన్ను లేని స్టైపెండ్. అది పన్ను లేకుండా ఉండాలంటే మనకు నిజంగా ఖర్చు పెట్టి నిలుపుకుంటున్న ఇల్లు, అంటే ట్యాక్స్ హోమ్, వేరే చోట ఉండాలి. ఒకే ప్రాంతంలో ఏడాది దాటి ఉంటే అది తాత్కాలికం కాదంటుంది పన్నుల శాఖ ఐఆర్‌ఎస్. స్టైపెండ్ పోగా ఓవర్‌టైమ్ లెక్కలోకి తీసుకునే గంట రేటు సాధారణంగా చాలా తక్కువ. సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పెన్షన్‌కి) కూడా ఆ తక్కువ జీతమే లెక్క, ఇంటి లోన్‌కి వెళ్తే బ్యాంకువాళ్ళూ ఎక్కువగా దాన్నే చూస్తారు. రిక్రూటర్ చెప్పే వారం అంకె విని ఇక్కడి పర్మనెంట్ జీతంతో నేరుగా పోల్చకండి.

పీటీ కాంపాక్ట్ అనే రాష్ట్రాల మధ్య లైసెన్సు ఒప్పందం ఈ జీవితాన్ని నిజంగా తేలిక చేసింది. 2018లో మొదలైంది. మన సొంత రాష్ట్రం అందులో సభ్య రాష్ట్రమైతే, లైసెన్సు శుభ్రంగా ఉంటే, ఇంకో సభ్య రాష్ట్రంలో పనిచేసే హక్కు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. కొన్ని రాష్ట్రాలు తమ చట్టం మీద ఒక పరీక్ష అడుగుతాయి, అది రాసేస్తే సరి. మోంటానాకు నేను నెలల తరబడి ఎదురుచూడకుండా వెళ్ళింది దీనివల్లే. కానీ నేను అనుకున్నంత స్వేచ్ఛ కాదిది. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇందులో లేవు, వాటికి విడిగా లైసెన్సు తీసుకోవాల్సిందే. సొంత రాష్ట్రమంటే డ్రైవింగ్ లైసెన్సు ఉన్న రాష్ట్రం, అద్దె ఇల్లు మారినట్టు దాన్ని మార్చడానికి లేదు. పైగా కొన్న హక్కు మన సొంత లైసెన్సు గడువుతోనే ముగుస్తుంది. రెన్యువల్ ముందర కొంటే కొద్ది నెలలకే మళ్ళీ ఫీజు కట్టాలి.

మరి మీరూ ఈ పని చెయ్యండని చెప్పొచ్చా అంటే, నా పరిస్థితి వేరు. నాకు గ్రీన్ కార్డు ఉంది. మా ఆయన ఉద్యోగం డాలస్ దగ్గర, ఇల్లు అక్కడే, కాబట్టి ట్యాక్స్ హోమ్ గురించి బెంగ లేదు. మా అబ్బాయి కాలేజీకి వెళ్ళాకే నేను ఇల్లు కదిలాను. బడికి పోయే పిల్లలుంటే నేనైతే ఈ పని పెట్టుకోను. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకు ఇది దాదాపు కుదరదు. పనిచేసే ప్రాంతం మారినప్పుడల్లా యజమాని సవరించిన పిటిషన్ వెయ్యాలి, 13 వారాలకోసారి ఆ తతంగం ఎవరూ పెట్టుకోరు. గ్రీన్ కార్డుకు పీటీలకు షెడ్యూల్ ఎ (కొరత ఉన్న వృత్తుల జాబితా) కింద లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అమెరికన్లు దొరకలేదన్న రుజువు) బాధ లేదన్నది నిజమే, కానీ ఇండియాలో పుట్టినవాళ్ళ గ్రీన్ కార్డు క్యూ మాత్రం ఉండనే ఉంది. అన్నం, పప్పు, మనిషి మాట లేకుండా ఉండలేనివాళ్ళకు హై-లైన్‌లో జనవరి చాలా పొడుగ్గా అనిపిస్తుంది. కందిపప్పు, ఇడ్లీ రవ్వ, గోంగూర పచ్చడి, కుక్కరు డాలస్ నుంచే మోసుకెళ్ళాను. పండక్కి ఫోన్లోనే అందర్నీ చూసుకున్నాను.

ఇవన్నీ సర్దుకోగలిగితే మాత్రం ఒక్క కాంట్రాక్టైనా ఇలాంటి చోట చెయ్యండి. ఫోన్ ఇంటర్వ్యూలో నాలుగు సంగతులు అడగండి: పర్మనెంట్ పీటీ ఉన్నారా, స్వింగ్ బెడ్ పేషెంట్లు సగటున ఎంతమంది ఉంటారు, అవుట్‌పేషెంట్ కూడా నేనే చూస్తానా, సెన్సస్ తగ్గితే రద్దయ్యే గంటలకు హద్దు ఎంత. ఆఖరిదానికి జవాబు కాంట్రాక్టులో రాసివ్వమనండి. రాయనన్న ఒక ఆసుపత్రిని ఈ మధ్యనే వదిలేశాను. రాసిచ్చిన ఇంకోచోటికి, మళ్ళీ మోంటానాకే, వచ్చే చలికాలానికి ఒప్పుకున్నాను. ఈసారి బయల్దేరేముందు కారుకి ఆ ఇంజిన్ హీటరు పెట్టించాలి.