బాపుకి వినబడినవీ వినబడనివీ

ఈ రెండు నెలల్లో మా ఇంట్లో టీవీలో చూసిన మూడు సినిమాలు, ఒక వెబ్ సిరీస్ గురించి రాస్తున్నా. ఏవీ కొత్తవి కావు, చాలామంది చూసేసి ఉంటారు, వీటిలో రెండు నేనే ఇంతకు ముందు చూశాను. కానీ ఈసారి పక్కన మా బాపు, అంటే మా నాన్న, ఉన్నాడు. ఆయనకి ఎడమ చెవి దాదాపు వినబడదు, కుడి చెవికి మిషను. అమ్మ పోయాక సిరిసిల్ల నుంచి నల్లకుంటలో మా దగ్గరికి వచ్చేశాడు. ఒకప్పుడు పని మీద హైదరాబాద్ వచ్చాడంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో, సంధ్యలోనో సుదర్శన్‌లోనో ఒక ఆట చూడకుండా బస్సెక్కేవాడు కాదు. ఇప్పుడు థియేటర్ మాటెత్తితే వద్దంటాడు, ఆ సౌండుకి మిషను చెవిలో గీపెడుతుందట. అందుకని సినిమాకి మా ఇంట్లో కొత్త కొలత ఒకటి వచ్చింది. "ఏమన్నడు బిడ్డా?" అని బాపు ఎన్నిసార్లు అడిగాడు అన్నదే ఆ కొలత.

ముందు బలగం. 2023లో అది వచ్చినప్పుడు మా వైపు ఊళ్లలో తెరలు కట్టి మరీ వేశారు కదా, అప్పుడు బాపు అమ్మతో వెళ్లి, వెనక కూర్చుంటే ఒక్క ముక్క అర్థం కావట్లేదని సగంలో లేచి వచ్చేశాడట. ఇక్కడ సోఫాలో కూర్చుని మొత్తం చూశాడు, నాలుగైదు సార్లకి మించి అడగలేదు. ఎందుకో నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. వాళ్లు మాట్లాడేది ఆయన మాటే. సగం చెవిన పడితే చాలు, మిగతా సగం ఆయనే పూరించుకుంటాడు.

కథ తెలిసిందే, కొమురయ్య అనే ముసలాయన పోతాడు, అప్పుల్లో ఉన్న మనవడు సాయిలుకి తాత పోయిన బాధ కంటే తన పెళ్లి ఏమవుతుందన్న టెన్షన్ ఎక్కువ, ఇంతలో పిట్ట ముట్టదు, అంటే పోయినవాళ్ల పేరున పెట్టిన ముద్దని కాకి తాకదు. ఎప్పుడో మటన్ కూరలో నల్లిబొక్క దగ్గర మొదలైన గొడవకి అల్లుడూ బామ్మర్దులూ ఏళ్ల తరబడి మాటల్లేకుండా ఉంటారు. ఇంత చిన్నదానికా అని మా పాప అంటే బాపు వెంటనే "గసుంటి దానికే కొట్లాడుతరు బిడ్డా, పెద్దదానికి కోర్టుకు పోతరు" అన్నాడు. మొదటి సగంలో సాయిలు లెక్కలు అవే అవే తిరుగుతాయి, కొన్ని నవ్వుల సీన్లు తీసేసినా నష్టం లేదు. కానీ వేణు యెల్దండికి దర్శకుడిగా అది మొదటి సినిమా, చావు ఇంటి పనులు అంత తెలిసినట్టు తీసిన తెలుగు సినిమా నేను ఇంకోటి చూడలేదు. వంటకి ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎవరి మొహం చూడట్లేదు, అన్నీ ఉన్నాయి. కొమురయ్యగా వేసిన కేతిరి సుధాకర్ రెడ్డి కనిపించేది కాసేపే, సినిమా అయ్యేదాకా ఆయన ఇంట్లోనే తిరుగుతున్నట్టుంటుంది.

అమ్మ పోయినప్పుడు మాకూ పిట్ట ముట్టడానికి గంటన్నర పట్టింది. ఆ సీన్లు వస్తుంటే నేను బాపు వైపు చూడలేకపోయాను. చివర్లో జానపద కళాకారులు కొమురమ్మ, పస్తం మొగిలయ్య కథ చెప్తూ పాడతారు కదా, అప్పుడు ఆయన కుడి చెవి టీవీ వైపు తిప్పి ముందుకు వంగి కూర్చున్నాడు. ఆ పది నిమిషాలు ఒక్క ప్రశ్న లేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయాడని చెప్తే, కొంచెంసేపు ఆగి, ఆ పాట ఇంకోసారి పెట్టమన్నాడు.

మర్నాడు మా పాప సెట్టింగులన్నీ చూసింది. చాలా ఇళ్లలో పెద్దవాళ్లది ఇదే బాధ కాబట్టి ఇది చెప్పి తీరాలి. థియేటర్ కోసం చేసే సౌండులో మాటలు ఎక్కువగా తెర వెనక మధ్య స్పీకర్ నుంచి వస్తాయి, మిగతా చప్పుళ్లకి చుట్టూ వేరే స్పీకర్లు ఉంటాయి. మన టీవీకి ఉండేవి రెండు చిన్న స్పీకర్లు, అంతా వాటిలోంచే రావాలి, దాంతో మాట సంగీతం కింద పడి నలిగిపోతుంది. యాప్‌లో ఆడియో దగ్గర 5.1 (చుట్టూ ఉండే స్పీకర్ల కోసం చేసిన సౌండు) తీసేసి, రెండు స్పీకర్లకి సరిపడే స్టీరియో పెట్టాం, టీవీలో సినిమా మోడ్ మార్చి వార్తలకి వాడే మోడ్ పెట్టాం. ఇదివరకు వాల్యూమ్ 38 పెట్టినా బాపుకి చాలేది కాదు, ఇప్పుడు 24 చాలు. గొంతు ఎవరిదో గుర్తు పడుతున్నానని ఆయనే చెప్పాడు.

ఆ సెట్టింగుతో మొదట చూసింది 90's ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ అనే సిరీస్. ఆరు ఎపిసోడ్లే, లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, ఆయన ఇల్లు, మార్కుల గోల, ఉప్మా గోల. హాయిగా ఉంది. చిన్న కొడుకుగా వేసిన పిల్లవాడు వచ్చినప్పుడల్లా బాపు నవ్వాడు. నాకు మాత్రం పాత వస్తువులు చూపించి గుర్తు చేసుకోమనే పద్ధతి నాలుగో ఎపిసోడ్ నుంచి కాస్త విసుగనిపించింది, వస్తువు లేకుండా కూడా ఆ తండ్రి భయం తెలుస్తూనే ఉంది కదా. అయినా ఇంటిల్లిపాదీ ఒకేచోట కూర్చుని చూడడానికి ఇంతకంటే మంచిది ఈమధ్య నాకు కనబడలేదు.

అది చూసిన వారానికే 2025లో వచ్చిన కోర్ట్ పెట్టాం, బాపుకి పెద్ద దెబ్బ తగిలింది. తను అంతగా ఇష్టపడ్డ మాస్టారే ఇందులో మంగపతి. పరువు కోసం, తమ ఇంటి అమ్మాయిని ప్రేమించిన పంతొమ్మిదేళ్ల చందు మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెట్టించి జైల్లో కూర్చోబెట్టే మనిషి. "వీడు మన సారు కాదా?" అని రెండుసార్లు అడిగాడు, వినబడక కాదు, నమ్మలేక. శివాజీ గొంతు పెంచకుండా మాట్లాడే చోట్లే ఎక్కువ భయం వేస్తుంది. బలగంలో సాయిలుగా చేసిన ప్రియదర్శి ఇక్కడ జూనియర్ లాయర్, తొందరపడని నటన.

ఇందులో బాపు అడిగింది చాలా తక్కువ. కోర్టు సీన్లలో ఒకరు మాట్లాడాక ఇంకొకరు మాట్లాడతారు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది, మనిషి మొహం కనిపిస్తుంది, చెవికి అందనిది పెదాలు చూసి పట్టుకోవచ్చు. కానీ మంగపతి వచ్చిన ప్రతిసారీ సంగీతం ఎందుకంత ఎత్తుకెళ్లాలి? ఆయన కళ్లు చాలవా? చివరి వాదన కూడా అవతలి పక్షం చేతులు కట్టుకుని కూర్చున్నట్టు సులువుగా తేలిపోయిందనిపించింది. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, సినిమాలో అమ్మాయి వయసే. 18 నిండకపోతే అమ్మాయి ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదని దానికి ఇప్పటిదాకా తెలియదట. చట్టం ఎందుకొచ్చింది, ఎవరిని కాపాడాలి, ఇలా ఎలా వాడుకుంటారు అని ఆ రాత్రి పదకొండు దాటేదాకా మాట్లాడుకున్నాం, తాత కూడా మధ్యలో కూర్చుని. ఆ ఒక్కదానికే నేను ఈ సినిమాని ఎవరికైనా చూడమంటాను.

చివరిది కేరాఫ్ కంచరపాలెం, 2018ది, నాలుగింటిలోనూ నాకు ఇదే ప్రాణం. నటించినవాళ్లలో చాలామంది విశాఖపట్నంలోని ఆ పేటవాళ్లే, మాటలు డబ్బింగ్ చెప్పించకుండా షూటింగ్ చేసినచోటే రికార్డు చేశారు. వీధి చప్పుడు, పక్కింటి గిన్నెలు, అన్నీ మాటలతో పాటు వస్తాయి. నాకు అదే దాని అందం. బాపుకి అదే కష్టం. పైగా ఉత్తరాంధ్ర యాస, ఆయనకి పూరించుకోవడానికి చేతిలో ఏమీ లేదు. పెళ్లి కాని అటెండర్ రాజు, ఆఫీసర్‌గా వచ్చిన రాధ మాట్లాడుకునే సీన్లు నిదానంగా ఉంటాయి కాబట్టి బాగానే పట్టుకున్నాడు. బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం అనే అతను, కళ్లు మాత్రమే కనిపించే సలీమా ఉన్న సీన్లలో మాట వినకపోయినా పర్వాలేదు, చూపులే అంతా. మిగతాచోట నేను చెవి దగ్గర చెప్తూ పోయాను, చెప్పేలోపు ఇంకో మాట దాటిపోయేది. గంటకి లేచి మంచినీళ్లు తాగొచ్చి, "మంచిగున్నది, గని నాకు అందుత లేదు" అన్నాడు. ఆ చివర ఏముందో ఆయన చూడకుండా ఉండిపోవడం నాకు నచ్చట్లేదు.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఆ సినిమాకి కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మేము చూసిన నాలుగింటికీ అంతే. మా బాపు పొద్దున్నే తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా చదివే మనిషి. తెలుగు సినిమా, తెలుగు మనిషి, తెలుగు చదవడం వచ్చు, మాటలు రాసిన స్క్రిప్టు ఎక్కడో తెలుగులోనే ఉంటుంది, అయినా తెర మీద తెలుగు అక్షరం లేదు. నెలనెలా డబ్బు కట్టే యాప్‌కి రెండుసార్లు రాశాను, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది.

కంచరపాలెం మిగిలిన సగం కోసం ఒక పని చేస్తున్నాం. మా పాపా నేనూ ఆపి ఆపి వింటూ ఒక్కో మాటా పెద్ద అక్షరాలతో నోటుబుక్కులో రాస్తున్నాం, ఇరవై నిమిషాల సినిమా అయింది. ఆదివారం బాపు ఒళ్లో ఆ పుస్తకం పెట్టి, రిమోట్ ఆయన చేతికే ఇవ్వాలి.