వెయ్యి రూపాయల వైన్‌తో తొమ్మిదేళ్లు

నెలకు రెండు వైన్ సీసాలు, ఒక్కొక్కటి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఇదే పద్దు. పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో ఇంకొకటి. హైదరాబాద్‌లో ఈ డబ్బుకి మంచి వైన్ దొరుకుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: దొరుకుతుంది, నిక్షేపంగా దొరుకుతుంది. మొదటి రెండేళ్లు మాత్రం నేను డబ్బు అనవసరమైన చోట పోశాను.

అప్పట్లో విదేశీ పేరుంటే చాలనుకునేవాణ్ణి. రెండున్నర వేలు పెట్టి తెచ్చిన ఫ్రెంచి సీసా అక్కడివాళ్లు రోజువారీ భోజనంలోకి కొనుక్కునే రకమని తర్వాత తెలిసింది. దిగుమతి వైన్ మీద ఆ రోజుల్లో కస్టమ్స్ సుంకమే 150 శాతం. దాని మీద రవాణా, టోకు వ్యాపారి లాభం, రాష్ట్రం వేసే ఎక్సైజ్. మనమిచ్చే డబ్బులో ద్రాక్షకు చేరేది కొంచెమే. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చాక, సీసా 5 డాలర్లు దాటిన అక్కడి వైన్లకు సుంకం 100 శాతానికి, 15 డాలర్లు దాటినవాటికి 75 శాతానికి దిగింది. అందుకని ఏడాదికోసారి విదేశీది కొనాలనిపిస్తే ఆస్ట్రేలియా షిరాజ్ అనే రెడ్ వైన్ తెచ్చుకుంటాను. మిగతావన్నీ నాసిక్, బెంగళూరు దగ్గరి నంది కొండలు, సోలాపూర్ జిల్లా అక్లూజ్ నుంచి వచ్చేవే.

ఈ తొమ్మిదేళ్లలో ఎక్కువసార్లు తెరిచింది సులా కంపెనీ షెనిన్ బ్లాంక్. కొంచెం తీపి మిగిల్చి చేసే వైట్ వైన్ ఇది. ఆ తీపే మన భోజనానికి కలిసొస్తుంది. రెడ్ వైన్‌లో వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది; ఆ వగరూ, ఆల్కహాలూ కలిసి నోట్లో కారాన్ని ఇంకా ఎగదోస్తాయి. నాటుకోడి పులుసుతో వగరెక్కువున్న రెడ్ తాగితే కూర రుచీ తెలియదు, వైన్ రుచీ తెలియదు, మంట ఒక్కటే మిగులుతుంది. అదే పులుసుతో చల్లటి షెనిన్ ఒక గుక్క తాగండి. కారం సర్దుకుంటుంది, అల్లం, ధనియాల వాసన విడిగా తెలుస్తుంది. గుత్తొంకాయ కూరకీ, రొయ్యల వేపుడుకీ కూడా మా ఇంట్లో ఇదే. తీపి వద్దనుకునేవాళ్లకు సావిన్యాన్ బ్లాంక్ అనే మరో వైట్ ఉంది: పచ్చి జామకాయ, చీల్చిన పచ్చిమిరపకాయ వాసన, చురుకైన పులుపు. నిమ్మకాయ పిండిన చేపముక్కతో దాన్ని మించింది నాకు ఈ ధరలో దొరకలేదు. నన్నడిగితే వెయ్యి లోపు డబ్బుంటే కళ్లు మూసుకుని వైట్ కొనాలి. ఆ ధరలో నేను తాగిన రెడ్లలో చాలావాటికి వగరుంది గాని చిక్కదనం లేదు.

ఇక అన్నిటికన్నా పెద్ద సంగతి చల్లదనం. రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ మాట చలి దేశాల ఇళ్లలో పుట్టింది. అక్కడి లెక్కలో గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో మా హాల్లో 34. ఒక సాయంత్రం షిరాజ్ సీసా తెరిచి, సగం చిన్న సీసాలోకి వంచి ఫ్రిజ్‌లో నలభై నిమిషాలు పెట్టాను, మిగతా సగం బల్ల మీదే వదిలేశాను. ఏది ఏదో చెప్పకుండా రెండు గ్లాసుల్లో పోసి మా ఆవిడకిచ్చాను. బల్ల మీదిది ముక్కు దగ్గర పెట్టుకోగానే, ‘స్పిరిట్ వాసన కొడుతోందండీ’ అని పక్కన పెట్టేసింది. రెండోది రెండుసార్లు వాసన చూసి, ఒక గుక్క తాగి, ‘నేరేడుపండు, మిరియాలు... ఇదెంత పెట్టి తెచ్చారు?’ అంది. ఒకే సీసా అంటే నమ్మలేదు. లేచి వంటింట్లోకెళ్లి చూసొచ్చింది. ఆ తర్వాత రెడ్‌కి నలభై నిమిషాలు, వైట్‌కి మూడు గంటలు ఫ్రిజ్ తప్పలేదు.

వేడి దెబ్బ షాపులోనే తగులుతుంది, అది ఫ్రిజ్‌తో బాగయ్యేది కాదు. ఒక మే నెలలో తెచ్చిన సీసాకి కార్కు పైకి తోసుకొచ్చింది, మూతిరేకు కింద జిగటగా ఉంది. తెరిస్తే ఉడికిన బెల్లప్పాకం వాసన. తెరిచిన సీసా వాపసు తీసుకోబోమని ఆ షాపువాళ్లు చెప్పేశారు. మన వీధుల్లో ‘వైన్స్’ అని బోర్డున్న చోట కదిలేది బీరూ, విస్కీ. వైన్ సీసాలు ఎండ పడే అద్దాల వెనక నెలల తరబడి నిలబడి ఉంటాయి. ఏసీ ఉండి, సరుకు తిరిగే షాపు ఒకటి చూసుకుని అక్కడే కొనడం మొదలుపెట్టాక చెడిన సీసా మళ్లీ నా చేతికి రాలేదు. ఓ ఇరవై రూపాయలు ఎక్కువైనా అక్కడే కొంటాను.

లేబుల్ మీద నేను ముందు చూసేది ద్రాక్ష కోసిన సంవత్సరం. ఒక ఫిబ్రవరిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాసిక్ వెళ్లాం. యూరప్‌లో కోత ఆగస్టు తర్వాత. ఇక్కడ వానలు వెనకపట్టాక తీగ కత్తిరించి, జనవరి చివరి నుంచి మార్చి దాకా కోస్తారు. అంటే కొత్త వైట్ ఆ ఏడాదిలోనే షాపులకొచ్చేస్తుంది. ఈ ధర వైట్‌కి దాచిపెడితే వచ్చే లాభమేమీ లేదు, ఎంత కొత్తదైతే అంత మేలు. తోటలో ఒక పండు నోట్లో వేసుకున్నాను. మన హైదరాబాద్ అనాబెషాహీలా నీళ్లూరే పెద్ద పండు కాదది. బఠాణీ గింజంత ఉంది, తొక్క మందం, నిండా గింజలు, తీపి మాత్రం నాలుక్కి అంటుకునేంత. ఉమ్మేసిన గింజల వగరు చాలాసేపు చిగుళ్ల మీదే ఉంది. రెడ్ తాగినప్పుడల్లా ఇప్పటికీ ఆ పండే గుర్తొస్తుంది.

మంచిదో కాదో తేల్చడానికి నాకో చిన్న అలవాటుంది. గుక్క మింగాక ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. మూడు, నాలుగుకే రుచి మాయమైతే మళ్లీ కొనను. సులావాళ్ల దిండోరి రిజర్వ్ షిరాజ్ పది దాటాక కూడా మిరియపు ఘాటుతో నిలుస్తుంది. అది ఓక్ పీపాల్లో ఏడాది ఉండి వచ్చింది. నా వెయ్యి పద్దు దాటుతుంది, అయినా పండగ సీసా అదే. ఫ్రాటెల్లీ కంపెనీ సాంజొవేసే అనే రెడ్, దానికంటే పల్చన, పులుపెక్కువ. టమాటా వేసిన మటన్ కూరతో చక్కగా పడుతుంది. స్నేహితులొచ్చినప్పుడు సీసాలకి పాత పేపరు చుట్టి పోస్తాను. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఇలాగే పేర్లు కనబడకుండా పోయిస్తే, ఫ్రెంచి నిపుణులే రెడ్‌లోనూ వైట్‌లోనూ కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. పేపరు విప్పే వరకూ ధర మాట ఎత్తకూడదన్నదే మా ఇంటి నియమం.

సీసాలో 750 మిల్లీలీటర్లు, అయిదు గ్లాసులు. మేమిద్దరం పూటకి చెరొక గ్లాసుతో ఆపేస్తాం. తెరిచిన వెంటనే సగాన్ని 375 మిల్లీలీటర్ల ఖాళీ సీసాలోకి అంచు దాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. గాలికి చోటుండదు కాబట్టి నాలుగు రోజుల తర్వాత కూడా వాసన నిలబడుతుంది. నిన్న రాత్రి తాగింది అలా దాచిన షెనినే. ఈ ఏడాది కోత సీసాలు దిగగానే ఫోన్ చేస్తానన్నాడు షాపు కుర్రాడు.