విడ్జెట్ సెట్టింగుల్ని బయటి ఫంక్షన్‌లో చదవడం: ఎనిమిదేళ్లు వాడాక

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో విడ్జెట్లతో, అంటే సైడ్‌బార్‌లోనో ఫుటర్‌లోనో పెట్టే చిన్న డబ్బాలతో, ఎనిమిదేళ్లుగా వేగుతున్నాను. ఎక్కువగా చిన్న వార్తా సైట్లకి ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు కోడ్) రాసిస్తుంటాను: బంగారం ధర డబ్బా, పంచాంగం డబ్బా, అలాంటివి. 2009లో 2.8 వెర్షన్‌తో వచ్చిన డబ్ల్యూపీ_విడ్జెట్ క్లాస్ మీదే ఇవన్నీ నడుస్తాయి. విడ్జెట్ ఫంక్షన్ లోపల ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది. అడ్మిన్ సేవ్ చేసిన విలువలన్నీ ఇన్‌స్టన్స్ అనే అర్రేలో (విలువల వరసలో) చేతికి అందుతాయి. గుమ్మం దాటి మన సొంత ఫంక్షన్‌లోకి వచ్చామా, ఆ ఇన్‌స్టన్స్ అక్కడ ఉండదు.

మొదట్లో అందరిలాగే గ్లోబల్ వేరియబుల్ పెట్టి చూశాను. ఖాళీగా వచ్చింది. నా ఫంక్షన్‌ని తగిలించిన చోటు, అంటే స్క్రిప్టులు పెట్టే హుక్, పేజీ పైభాగంలోనే నడిచిపోతుంది, సైడ్‌బార్ వంతు ఎప్పటికో గానీ రాదు. ఇంకా వండని కూరకి గిన్నె పట్టుకుని నిలబడ్డట్టు.

తర్వాత గెట్_ఆప్షన్, అంటే డేటాబేస్‌లో దాచిన సెట్టింగుల్ని తెచ్చిచ్చే ఫంక్షన్. 'విడ్జెట్_' పక్కన మన విడ్జెట్ బేస్ ఐడీ (ఆ రకం విడ్జెట్‌కి కోడ్‌లో పెట్టిన పేరు) చేర్చి అడిగితే విలువలు వచ్చేస్తాయి. తిరకాసు ఏమిటంటే, ఒకే వరసలో ఆ విడ్జెట్ కాపీలన్నీ నంబర్ల వారీగా ఉంటాయి. మామూలుగా 2తో మొదలవుతాయి. నా టెస్ట్ సైట్‌లో 2 కనిపించింది కదా అని కోడ్‌లో అదే రాసి పడేశాను. క్లయింట్ ఫుటర్‌లో ఇంకో కాపీ పెట్టి, పాతది డిలీట్ చేశాడు. రాత్రి పదిన్నరకి ఫోన్: "అన్నా, బంగారం ధర మాయమైంది." తప్పు నాదే.

పోనీ మొత్తం లూప్ వేద్దామా అంటే, చివర్లో '_మల్టీవిడ్జెట్' అనే గుర్తు కూడా ఉంటుంది. దాని విలువ ఉత్త 1. అందులో టైటిల్ వెతికితే పీహెచ్‌పీ 8 వార్నింగ్ ఇస్తుంది. అందుకే ఇప్పుడు విడ్జెట్ ఆబ్జెక్ట్ మీద గెట్_సెట్టింగ్స్ పిలుస్తాను, అది ఆ గుర్తుని తీసేసి ఇస్తుంది. అయినా ఇన్‌యాక్టివ్‌లోకి నెట్టిన కాపీలు మాత్రం అందులోనే ఉంటాయి. ఏ కాపీ ఎక్కడుందో చెప్పే సైడ్‌బార్స్_విడ్జెట్స్ ఆప్షన్‌తో సరిచూసుకోకపోతే, ఎప్పుడో పక్కన పెట్టేసిన సెట్టింగ్ మళ్లీ పేజీ మీదికి వస్తుంది. ప్లగిన్‌లో కొత్త ఫీల్డ్ చేర్చినప్పుడు కూడా జాగ్రత్త: విడ్జెట్‌ని మళ్లీ సేవ్ చేసేదాకా పాత కాపీల్లో ఆ ఫీల్డ్ ఉండదు. డబ్ల్యూపీ_పార్స్_ఆర్గ్స్‌తో డిఫాల్ట్ ఇవ్వాల్సిందే. అజాక్స్‌లోనైతే (పేజీ మళ్లీ లోడ్ కాకుండా సర్వర్‌ని అడిగేటప్పుడు) కాపీ నంబర్‌ని డేటా యాట్రిబ్యూట్‌లో పంపి, సర్వర్ దగ్గర విలువ చదువుతాను.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది సైట్ అడ్రస్ మార్చినప్పుడు. ఈ సెట్టింగులు సీరియలైజ్ అయి, అంటే వరసంతా ఒకే పొడుగాటి టెక్స్ట్‌గా మారి ఉంటాయి, అందులో ప్రతి టెక్స్ట్ విలువ ముందూ దాని పొడవు బైట్లలో రాసి ఉంటుంది. నేను డేటాబేస్‌లో నేరుగా పాత అడ్రస్ తీసేసి కొత్తది పెట్టాను. పొడవు తప్పింది, గెట్_ఆప్షన్ ఫాల్స్ ఇచ్చింది, అన్ని కాపీలూ ఒకేసారి పోయాయి. చేత్తో సరిచేద్దామని కూర్చుని టైటిల్ దగ్గర కూడా వేలు పెట్టాను. 'నేటి ధర' అంటే కంటికి నాలుగక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. నేను 5 వేశాను. అక్కడ ఉండాల్సింది 19. గుణింతపు గుర్తు విడిగా ఒక లెక్క, తెలుగులో అలాంటి ఒక్కోదానికీ మూడేసి బైట్లు! అప్పట్నుంచి డబ్ల్యూపీ-సీఎల్ఐలోని (వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ పనిముట్టు) సెర్చ్-రీప్లేస్, పొడవుల్ని కూడా అదే సరిచేస్తుంది, అది తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

2021లో 5.8తో బ్లాక్ విడ్జెట్లు వచ్చాక నా పాతవి ఆగిపోతాయని భయపడ్డాను. పాత విడ్జెట్ల కోసం ఇచ్చిన లెగసీ విడ్జెట్ బ్లాక్‌లో అవి అలాగే నడుస్తున్నాయి, విలువలు కూడా పాత వరసలోనే ఉన్నాయి. కాకపోతే క్లయింట్లు శీర్షికని నా ఫీల్డ్‌లో కాకుండా పైన విడిగా హెడింగ్ బ్లాక్‌లో టైప్ చేస్తున్నారు. అది 'విడ్జెట్_బ్లాక్' వరసలోకి పోతుంది, నా ఫంక్షన్‌కి కనపడదు.

ఒక్కో కాపీకి వేరువేరుగా ఉండాల్సిన విలువలకి ఈ పద్ధతి ఇప్పటికీ నాకు నచ్చుతుంది. సైట్ అంతటా కావాల్సినవి మాత్రం, ఏపీఐ కీ (బయటి సర్వీసు వాడటానికి ఇచ్చే కోడ్) లాంటివి, విడ్జెట్‌లో పెట్టడం మానేశాను. వాటికి ప్లగిన్‌కే ఒక సెట్టింగ్స్ పేజీ కట్టేస్తున్నాను.