ముందుపళ్ల తెల్ల మచ్చలకు ఐకాన్: రెండేళ్ల తర్వాత

అనంతపురం వైపు బోరు నీళ్లతో పెరిగినవాళ్లకు గారపళ్లు కొత్త కాదు. ఎనిమిదేళ్లలోపు, ముందుపళ్ల ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పన్ను మీద సుద్ద రాసినట్టు మచ్చలు పడతాయి. ఎంత తోమినా పోవు. మచ్చ పైన అంటుకున్నది కాదు, ఎనామిల్ లోపలి సన్న రంధ్రాలది.

ఐకాన్ అనే జర్మనీ రెజిన్, అంటే లైటు పెడితే గట్టిపడే పల్చటి ద్రవం, ఆ రంధ్రాల్లోకే దిగుతుంది. నాలుగు పళ్లకు చేయించి రెండేళ్లయింది. డ్రిల్లింగ్ లేదు, ఇంజెక్షన్ లేదు. మొదట, యాసిడ్‌కు చిగుళ్లు కాలకుండా, ఉమ్మి తగలకుండా రబ్బరు షీటు వేస్తారు. అది వేయని చోట చేయించుకోవద్దు. తర్వాత, రంధ్రాల దారి తెరుచుకోవడానికి 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ జెల్ 2 నిమిషాలు ఉంచి, కడిగి, ఆరబెట్టి, ఆల్కహాల్ 30 సెకన్లు పెడతారు.

పని తేలేది ఇక్కడే. ఆల్కహాల్ తడికి మచ్చ మాయమైతే రెజిన్ కూడా లోపలికి చేరుతుంది. తెల్లగానే కనిపిస్తే యాసిడ్ మళ్లీ పెట్టాలి, మొత్తం మూడుసార్ల దాకా పెట్టొచ్చు. ఆ తర్వాతే రెజిన్ 3 నిమిషాలు, 40 సెకన్లు లైటు. మళ్లీ రెజిన్ 1 నిమిషం, మళ్లీ లైటు, చివర పాలిష్.

మూడు పళ్లలో మచ్చ ఇప్పటికీ తిరిగి రాలేదు. నాలుగోదాని అంచున మాత్రం సన్నటి తెల్ల గీత మిగిలింది. ఆ పంటికి ఒక్కసారి యాసిడ్‌తో సరిపెట్టేశారు. రెజిన్ గట్టిపడ్డాక యాసిడ్ లోపలికి పోదు కాబట్టి ఆ గీతను సరిచేయడం కష్టం. ఈ తొందరపాటు నిజంగా బాధ కలిగిస్తుంది, ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే పోయే గీత అది.

చేయించిన రోజు రంగు చూసి సంబరపడొద్దు, దిగులూ పడొద్దు. పన్ను ఎండిపోయి తెల్లగా కనిపిస్తుంది. అసలు రంగు ఒకట్రెండు రోజులకు తేలుతుంది. టీ, కాఫీ, తాంబూలం ఎక్కువైతే పైన కాస్త పసుపు పడుతుంది, పాలిష్‌తో పోతుంది.

గోధుమ రంగు మరకలకు ఇదొక్కటే సరిపోదు. ముందు బ్లీచింగ్, రెండు వారాలు ఆగి ఇది. గుంటలు పడ్డ పళ్లకైతే ఫిల్లింగే దారి.

ఆల్కహాల్ పెట్టినప్పుడు చేతికి అద్దం ఇమ్మని డాక్టరును అడగండి. మచ్చ ఇంకా కనిపిస్తుంటే రెజిన్ వేయకముందే చెప్పండి.