జాబిక్సా, ప్రొమీథియసా?

సర్వర్ పడిపోయిందని యూజర్ ఫోన్ చేస్తే తప్ప మనకు తెలియకపోవడం కంటే నామోషీ లేదు. అందుకే సర్వర్ల మీద కన్నేసి ఉంచే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెడదామనుకుంటాం. జాబిక్స్ (Zabbix) పెట్టాలా, ప్రొమీథియస్ (Prometheus) పెట్టాలా అని టీమ్‌లో తగువు ఇక్కడే మొదలవుతుంది.

ఖర్చు: రెండూ ఓపెన్ సోర్సే, లైసెన్సు ఫీజు లేదు.

శ్రమ: జాబిక్స్‌లో డేటా సేకరణ, గ్రాఫులు, అలర్టులు ఒకేచోట ఉంటాయి. టెంప్లేట్ (సిద్ధంగా ఉన్న సెట్టింగుల మూస) తగిలిస్తే చాలావరకు పని అయిపోతుంది. ప్రొమీథియస్‌కు యామెల్ (YAML) అనే సెట్టింగుల ఫైళ్లు రాయాలి, అలర్టులు పంపే అలర్ట్‌మేనేజర్ విడిగా పెట్టాలి, మంచి డాష్‌బోర్డులకు గ్రఫానా అనే ఇంకో టూల్ తెచ్చుకోవాలి. పైగా డేటాను అడగడానికి దాని సొంత భాష ప్రామ్‌క్యూఎల్ నేర్చుకోవాలి. మొదట్లో తల తిరుగుతుంది. అలవాటయ్యాక వదలబుద్ధి కాదు.

పాత డేటా: మనం మార్చకపోతే ప్రొమీథియస్ 15 రోజులే దాచుతుంది. ఏళ్ల లెక్కలు కావాలంటే పాత డేటాను ఎక్కువ కాలం దాచే థానోస్ లాంటి టూల్ జోడించడం మేలు. జాబిక్స్ అన్నీ మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌ లాంటి డేటాబేస్‌లో పెడుతుంది. నిరుటి ట్రెండ్ చూడటం తేలికే, కానీ మనం గమనించే హోస్టులు (మెషీన్లు) పెరిగేకొద్దీ ఆ డేటాబేసే బరువైపోతుంది. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఈ టెన్షన్ సంగతి ముందు ఎవరూ చెప్పరు.

రిస్క్: రెండింటికీ ఒకటే. మానిటరింగ్ సర్వరే పడిపోతే చెప్పేదెవరు? బయట నుంచి ఇంకో చిన్న చెక్ పెట్టండి.

స్విచ్‌లు, యూపీఎస్‌లు, విండోస్ మెషీన్లు ఎక్కువున్న ఆఫీసుకు నా ఓటు జాబిక్స్‌కే. ఇలాంటి పరికరాల స్థితి అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ (SNMP) పద్ధతి అందులోనే ఉంది. కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో పాడ్‌లు (కంటైనర్ల గుంపులు) పుడుతూ పోతూ ఉంటే, వాటిని తనంతట తానే కనిపెట్టే ప్రొమీథియస్ తీసుకోండి.