స్టెరాయిడ్ ఒక్కటే చాలా, జత మందు కావాలా?

తాగుడు వల్ల లివర్ ఉన్నట్టుండి వాచి, కళ్లు పచ్చబడ్డ మనిషిని ఆసుపత్రిలో చేర్చారనుకోండి. (మన దగ్గరైతే చాలామంది పసరు మందు వాడి చూశాకే అక్కడికి వస్తారు.) రక్తపరీక్షలతో వేసే మ్యాడ్రే స్కోరు 32కి చేరితే జబ్బు తీవ్రమైనట్టే. ఇన్ఫెక్షన్ లాంటి అడ్డంకులు లేకపోతే అప్పుడు ఇచ్చేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు 40 మిల్లీగ్రాములు, 28 రోజులు. దానికి ఇంకో మందు కలిపితే మేలా?

చాలాకాలం పెంటాక్సిఫిలిన్ అనే వాపు తగ్గించే మాత్ర మీద ఆశ ఉండేది. బ్రిటన్‌లో 65 ఆసుపత్రుల్లో జరిగిన స్టోపా ట్రయల్ 2015లో దాని లెక్క తేల్చేసింది. వెయ్యిమందికి పైగా రోగులను నాలుగు జట్లుగా విడదీశారు. అందరూ రెండు రకాల మాత్రలూ మింగారు. ఏది అసలు మందో, ఏది ఉత్తుత్తి బిళ్లో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు: రెండూ ఉత్తుత్తివే అయిన జట్టులో 17 శాతం, పెంటాక్సిఫిలిన్ ఒక్కటే అందినవాళ్లలో 19, స్టెరాయిడ్ ఒక్కటే అయితే 14, రెండూ కలిస్తే 13. ఆ ఒక్క శాతం కోసం రోజుకు మూడుసార్లు ఇంకో మాత్ర మింగించడం నా దృష్టిలో దండగ. స్టెరాయిడ్ కూడా ఏమంత గొప్పగా నెగ్గలేదు లెండి. 90 రోజులకి ఆ కాస్త లాభమూ కనిపించలేదు, పైగా ఇన్ఫెక్షన్లు పెరిగాయి.

మరి యాంటీబయాటిక్ కలిపితే? ఫ్రాన్స్, బెల్జియంలలో అమాక్సిసిలిన్-క్లావులనేట్‌తో అదీ చూశారు. 2023లో ఫలితం వచ్చింది: ఇన్ఫెక్షన్లు తగ్గాయి, చావులు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అమెరికాలో అసలు స్టెరాయిడ్‌నే పక్కనపెట్టి అనకిన్రా (వాపును అణిచే ఇంజెక్షన్), జింక్ జోడీని ప్రయత్నించారు. 90 రోజులకి ఆ జోడీతో బతికినవాళ్లు 70 శాతం, స్టెరాయిడ్‌తో 90. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

నాకు కాస్త నమ్మకం కలిగించింది ఎన్-అసిటైల్ సిస్టీన్. పారాసిటమాల్ మోతాదు మించి మింగినవాళ్లకు విరుగుడుగా ఎక్కించే మందే ఇది. ఫ్రాన్స్‌లో 174 మందిపై చేసిన ట్రయల్‌లో (2011) స్టెరాయిడ్‌తో పాటు ఐదు రోజులు నరంలోకి ఎక్కించారు. నెల తిరిగేసరికి మరణాలు 24 శాతానికి బదులు 8 శాతమే. ఆరు నెలలకి 38కి 27 అయినా, ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. రోగుల సంఖ్య చిన్నది, నిజమే. అయినా ఒక జత మందు కలపాల్సి వస్తే నా ఓటు దీనికే.

ఏది కలిపినా ఏడో రోజు రక్తంలో బిలిరుబిన్ (కళ్లు పచ్చబడటానికి కారణమైన పదార్థం) చూసి లిల్ స్కోరు వేస్తారు. 0.45 దాటిందంటే స్టెరాయిడ్ పనిచేయట్లేదని లెక్క, ఆపేయడమే మంచిది. ఆ రోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ని ఇంటివాళ్లు అడగాల్సింది ఇదే: "లిల్ స్కోరు ఎంత వచ్చిందండీ?"