మూడడుగుల అక్వేరియం: ఏవి పనికొచ్చాయి, ఏవి అటకెక్కాయి

హనుమకొండలో మా ఇంటి హాల్లో 2021 చివరి నుంచి ఒక అక్వేరియం ఉంది. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగుంపావు, ఎత్తు అడుగున్నర. అంచుదాకా పోస్తే దాదాపు 160 లీటర్లు పడుతుంది. రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 130 లీటర్ల నీళ్లు అనుకోండి. స్టాండు, ఫిల్టరు, లైటు అన్నీ కలిపి అప్పట్లో పది వేల లోపే అయింది. మా ఇంటికి వచ్చి చూసినవాళ్లంతా ముందు ధరే అడుగుతారు. నేను మాత్రం వాళ్లను ఆదివారం పొద్దున గంట ఖాళీ దొరుకుతుందా అని అడుగుతాను. దొరకదంటే కొనొద్దనే చెప్తాను.

"ముందు చిన్నది తీసుకో అన్నా, అలవాటైనంక పెద్దది చూద్దాం" అని దుకాణంలో అంటారు. వినకండి. పది లీటర్ల గాజు గిన్నెలో నాలుగు గింజలు ఎక్కువ పడ్డా సాయంత్రానికి నీళ్లు పాడవుతాయి. పెద్ద తొట్టిలో అదే తప్పుకు రెండు మూడు రోజుల గడువు దొరుకుతుంది. చూడటానికి పెద్ద పనిలా కనబడుతుంది కానీ చాకిరీ తక్కువ. ఒక్కటే, బరువు. లీటరు నీళ్లంటే కిలో. అద్దం, రాళ్లు, స్టాండు కలిస్తే రెండు వందల కిలోల దగ్గరికి పోతుంది. టీవీ బల్ల మీద పెట్టే వస్తువు కాదు. ఇనుప స్టాండు చేయించి, అద్దం కింద థర్మకోల్ షీటు పరిచాను. ఇప్పటిదాకా ఎక్కడా చుక్క కారలేదు.

ఇక నీళ్లు. మా ఇంట్లో నల్లా ఉంది, బోరు ఉంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, ఫిల్టరులోని మంచి బ్యాక్టీరియాను చంపుతుంది. రాత్రే డ్రమ్ములో పట్టి మూత తీసి ఉంచితే చాలావరకు పోతుంది. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాను. ఆ సీసా చవక, నెలల తరబడి వస్తుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ ఉప్పు నీళ్లు, అంటే గట్టి నీళ్లు. అద్దం అంచున తెల్లటి పొర కడుతుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డతో రుద్ది, శుభ్రంగా తుడిచేస్తే పోతుంది. ఈ నీళ్లలో గుప్పీలు, మోలీలు అనే చిన్న చేపలు హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రా చేపలకు మెత్తని నీళ్లు, అంటే ఉప్పులు తక్కువ ఉన్న నీళ్లు కావాలి. వాటిని తెచ్చి ఈ నీళ్లతో కుస్తీ పట్టడం ఎందుకు?

మొదటి నెల గురించి దుకాణాల్లో చాలామంది చెప్పరు. తొట్టి, చేపలు ఒకే రోజు కట్టి ఇస్తారు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది, దాన్ని చేపలు కొంతవరకు ఓర్చుకుంటాయి. ఈ రెండు రకాలూ ఫిల్టరు స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో చేపలు వారంలోనే తేలిపోవడానికి అసలు కారణం ఇదే, దిష్టి కాదు. మా స్నేహితుడి పాత తొట్టిలోంచి ఒక స్పాంజి ముక్క తెచ్చి నా ఫిల్టరులో పెట్టి, నీళ్లు పరీక్షించి చూసుకున్నాకే చేపలు తెచ్చాను. పరీక్ష కిట్టు ఖరీదు అనిపించింది కానీ, మొత్తం సామానులో దాని మీద పెట్టిన డబ్బే ఎక్కువ కలిసొచ్చింది.

ఆదివారం పని ఇలా ఉంటుంది. ముందు ఫిల్టరు, హీటరు స్విచ్చులు ఆపాలి. వేడి హీటరు నీళ్ల పైకి తేలితే గాజు పగులుతుంది. తర్వాత సైఫన్ పైపుతో అడుగు రాళ్ల మధ్య మురికి లాగుతూ రెండు మూడు బకెట్ల నీళ్లు తీస్తాను. అంటే పావు వంతు. మొత్తం నీళ్లు పారబోసి తొట్టిని సబ్బుతో తోమే ఇళ్లు చూశాను, అక్కడ ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. స్పాంజిని కూడా నల్లా కింద కడగను, తీసిన ఆ మురికి నీళ్లలోనే రెండుసార్లు పిండుతాను. మురికి పోతుంది, బ్యాక్టీరియా మిగులుతుంది. ఆ బకెట్ల కోసం అమ్మ ఎదురుచూస్తుంది. "తినని శాపలకు గింత సేవ ఎందుకురా" అని మొదట్లో గొణిగిన మనిషి, ఇప్పుడు కరివేపాకుకు, మల్లెకు ఆ నీళ్లే పోస్తుంది. నైట్రేటు మొక్కలకు ఎరువే కదా. ఉప్పు గాని మందు గాని వేసిన వారం మాత్రం మొక్కలకు ఇవ్వొద్దు.

మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. అంతకన్నా వేయడం ప్రేమ కాదు, కాలుష్యం. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు మా చెల్లె కొడుకు గుప్పెళ్లతో వేశాడు. వచ్చేసరికి నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి, రెండు మోలీలు పోయాయి. ఇప్పుడు నాలుగైదు రోజులు ఊరెళ్తే ఎవరికీ అప్పజెప్పను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు అన్ని రోజులు మేత లేకుండా ఉండగలవు.

ఓరుగల్లు ఎండలే అసలు పరీక్ష. మే నెలలో బయట 44 డిగ్రీలు దాటితే తొట్టిలో నీళ్లు 33కు చేరతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. లీటరుకు 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఐసు గడ్డలు వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే అదో దెబ్బ. మూత తీసి, నీటి మీదుగా చిన్న టేబుల్ ఫ్యాను తిప్పుతాను. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లు ఆవిరై త్వరగా తగ్గుతాయి. ఆవిరైంది నీళ్లే, ఉప్పులు లోపలే ఉంటాయి. కాబట్టి పైన నింపినంత మాత్రాన నీళ్లు మార్చినట్టు కాదు. డిసెంబరులో కథ తిరగబడుతుంది. రాత్రి చలికి నీళ్లు చల్లబడి, పగలు వేడెక్కి, ఆ ఊగిసలాటలో తెల్ల మచ్చల జబ్బు వస్తుంది. వంద వాట్ల హీటరు ఉంటే చాలు. జబ్బు వస్తే మచ్చలు పోగానే మందు ఆపొద్దు. ఆ పరాన్నజీవి చేపను వదిలి నీళ్లలో ఈదే దశలోనే మందుకు దొరుకుతుంది.

కరెంటు లెక్క పెద్దది కాదు. 15 వాట్ల ఫిల్టరు రాత్రింబవళ్లు తిరిగినా నెలకు 11 యూనిట్లు, 18 వాట్ల లైటు రోజుకు ఏడు గంటలు వేస్తే నాలుగు. హీటరు పెట్టే నెలల్లో ఇంకో పాతిక, ముప్పై. అసలు టెన్షన్ కరెంటు పోయినప్పుడు. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా వీధిలోనూ చాలాసేపు లేదు. మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి తిరిగి పోస్తూ కూర్చున్నాం, వంతులేసుకుని. మర్నాడే ఛార్జింగ్ ఎయిర్ పంపు కొన్నాను. ఇంట్లో అందరూ దాన్ని ఆక్సిజన్ మిషన్ అంటారు. నిజానికి బుడగలకన్నా, అవి పైన నీటిని కదిలించడం వల్లే ఎక్కువ గాలి కరుగుతుంది.

అటకెక్కినవి: రంగు రాళ్లు (రంగు వెలిసింది), నోరు తెరిచే మొసలి బొమ్మ, నీళ్లు తళతళలాడిస్తుందని అమ్మిన ఖరీదైన సీసా, ప్లాస్టిక్ మొక్కలు. ప్లాస్టిక్ వాటి బదులు వేసిన జావా ఫెర్న్ అనే నీటి మొక్కకు మామూలు లైటే చాలు, ఎదుగుతూనే ఉంది.

వాస్తు పేరుతో ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది గోల్డ్‌ఫిష్ పెట్టమని చుట్టాలు పట్టుబట్టారు. అవి కార్ప్ జాతి. బాగా పెరుగుతాయి, బాగా మురికి చేస్తాయి, చల్లని నీళ్లు కోరతాయి. తొమ్మిదింటికి నా తొట్టి చాలదు, మన ఎండలు అసలే పడవు. వద్దన్నాను. తొట్టిని శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేపనైతే తెచ్చాను. చిన్నప్పుడు పాచి తింటుంది, తర్వాత అడుగుకు మించి పెరిగి తనే మురికికి మూలమవుతుంది. అలాగని భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదలొద్దు. మన చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు దెయ్యం చేప అని తిట్టేది దీన్నే. దాని ముళ్లకు వలలు చిరుగుతాయి. నాదాన్ని దుకాణంలోనే తిరిగి ఇచ్చేశాను. బదులుగా గుప్పీలు తీసుకోమన్నారు. గుప్పీలా! మా ఇంట్లోనే నెల నెలా ఈనుతున్నాయి. హనుమకొండ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే అడగండి, కవర్లో పోసి ఇస్తాను, డబ్బులొద్దు.